మిస్టర్ అని వచ్చిన మెయిల్

నేను మొట్టమొదటి కవర్ లెటర్ రాసింది మా ఇంటి ఓనరు గారి వరండాలో కూర్చుని. అంతకుముందు ఆ మాట విన్నాను గానీ అదేమిటో సరిగ్గా తెలియదు. రెజ్యూమె అంటే తెలుసు. కాలేజీలో అందరం ఒకరిది చూసి ఒకరం తయారుచేసుకున్నాం, పేరూ మార్కులూ మార్చి. కానీ ఆ రోజు ఫోన్లో కనిపించిన ప్రకటన కింద, కవర్ లెటర్ లేని దరఖాస్తులు చూడబోమని ఉంది. ఫ్యాక్టరీలో ట్రైనీ ఇంజనీరు ఉద్యోగం. అనుభవం అక్కర్లేదన్నారు. మెకానికల్ చదివి ఇంట్లో కూర్చున్న నాకు అది నన్ను చూసి వేసిన ప్రకటనలాగే అనిపించింది.

మేము ఉండేది నర్సీపట్నంలో ఒక ఇంటి పై వాటాలో. నాన్న కోటవురట్ల రూట్లో షేర్ ఆటో నడుపుతాడు. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. కింద వాటాలో ఉండే ఓనరు గారు హైస్కూల్లో ఇంగ్లిష్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఇంగ్లిష్‌లో ఉత్తరం రాయాలంటే ఆయన్ని కాక ఇంకెవరిని అడుగుతాను? నేను అడగ్గానే మాస్టారు లోపలికి వెళ్ళి కళ్ళజోడు తుడుచుకుని వచ్చారు. వాలుకుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని చెప్పడం మొదలుపెట్టారు. "రాసుకో. రెస్పెక్టెడ్ సర్. విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ బెగ్ టు సబ్మిట్ ద ఫాలోయింగ్ ఫ్యూ లైన్స్."

"బెగ్ అంటే అడుక్కోవడం కదా మాస్టారూ?" అన్నాను.

"కాదమ్మా. అది మర్యాద. రాసుకో నువ్వు."

రాసుకున్నాను. చివర్లో 'యువర్ మోస్ట్ ఒబీడియెంట్ సర్వెంట్' దగ్గర నా పెన్ను ఆగింది గానీ, మాస్టారి ముఖం చూసి అదీ రాసేశాను. ఎన్నాళ్ళకో ఆయన్ని పాఠం చెప్పమని అడిగినవాళ్ళు దొరికారు. ఆ ఉత్తరాన్నే టైపు చేసి, కంపెనీ పేరు మాత్రం మారుస్తూ, ఆ నెలంతా పంపాను. ఎవరూ పలకలేదు.

నాతో చదివిన స్నేహితురాలు ఒకతె బెంగళూరులో పేయింగ్ గెస్టుగా ఉండి కోర్సు ఏదో నేర్చుకుంటోంది. రావికమతం వైపు పిల్ల. నా ఉత్తరం వాట్సాప్‌లో పెడితే వెంటనే ఫోన్ చేసింది. నవ్వు ఆపుకోలేకపోతోంది.

"ఏటే ఇది? జొరం వొచ్చింది సెలవు ఇప్పించండని రాసినట్టుంది! ఇప్పుడెవలు రాస్తన్నారే ఇలాగ? ఏఐలో కొట్టు, బేగి ఇచ్చీస్తాది."

కొట్టాను. నిజంగానే బేగి, నిమిషంలో ఇచ్చేసింది. ఎంత గొప్పగా ఉందో! నేను పట్టుదల గల, ఫలితాల మీదే దృష్టి పెట్టే యువ ఇంజనీరునట. ఎంత ఒత్తిడిలోనైనా చెక్కుచెదరకుండా పనిచేస్తానట. మీ సంస్థ ఆశయాలు నన్ను ఎంతగానో కదిలించాయట. ఆ సంస్థ ప్లాస్టిక్ డ్రమ్ములు తయారుచేస్తుంది.

ఆ ఉత్తరం చదువుకుంటుంటే అమ్మ మిషన్ ఆపి అడిగింది. "ఏటి రాసినావు? నాకూ తెలుగులో సెప్పు, ఇంటాను."

చెప్పబోయాను. మొదటి వాక్యానికే సిగ్గేసింది. ఇంగ్లిష్‌లో ఉన్నంతసేపూ అది ఎవరి గురించో అన్నట్టు నడిచిపోయింది. తెలుగులోకి వచ్చేసరికి నా గురించి నేనే డప్పు కొట్టుకుంటున్నట్టు వినిపించింది. అయినా చెప్పాను. ఒత్తిడిలో చెక్కుచెదరనన్న మాట దగ్గర అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నువ్వా? పొయ్యి మీద పాలు పొంగితేనే నన్ను కేకేస్తావు!"

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ నాకు లోపల మండుతూనే ఉంది. అమ్మ మీద కాదు. పాలు పొంగితే కేకేసే పిల్ల కూడా ఫ్యాక్టరీలో పనిచేయగలదు, ఆ సంగతి చెప్పడానికి ఈ మాటలేవీ పనికి రావు, వేరే మాటలు నా దగ్గర లేవు. అందుకే అవే పంపాను. రసాయనాల కంపెనీకి, స్టీలు కంపెనీకి, పంపులు చేసే కంపెనీకి, అన్నిటికీ. ఆ ఉత్తరాల్లో అన్నిటి కోసమూ నేను చిన్నప్పటి నుంచీ కలలు కంటూనే ఉన్నాను. అప్పుడప్పుడు జవాబులు వచ్చేవి. మీ దరఖాస్తు అందింది, ఈ మెయిల్‌కి జవాబు ఇవ్వకండి, అని. అంతే. బాలేదని కూడా ఎవరూ అనలేదు. పరీక్షలో తప్పితే కనీసం ఎన్ని మార్కులొచ్చాయో తెలుస్తుంది. ఇక్కడ నేను తప్పానో, అసలు నా పేపర్ ఎవరైనా దిద్దారో తెలియదు.

వీధిలో మనుషులు ఊరుకోరు కదా. అమ్మ దగ్గరికి జాకెట్లు ఇవ్వడానికి వచ్చిన ప్రతి ఆవిడా కొలతలు ఇచ్చేలోపు నా వైపు చూసి అడిగేది, "పాపకింకా ఏటీ రానేదా?" అని. అమ్మ టేపు మెళ్ళో వేసుకుని, "రాస్తంది, రాస్తంది" అనేది. ఏం రాస్తోందో అడిగినవాళ్ళు లేరు. పరీక్షలనుకునేవారేమో.

ఆ ఎండాకాలంలో మావయ్య నన్ను రమ్మన్నాడు. అమ్మ తమ్ముడు. రావికమతం దగ్గర ఒక జీడిపప్పు యూనిట్‌లో మేనేజరుగా ఉన్నాడు. సీజన్ మధ్యలో సూపర్‌వైజరు మానేశాడని, లోడు వచ్చినప్పుడు తూకాలు చూడ్డానికీ హాజరు వేయడానికీ ఎవరైనా కావాలని చెప్పాడు. "ఇంట్లో కూకుని ఫోను సూసే బదులు రామ్మా" అన్నాడు. ఉద్యోగం అని అనలేదు, నేనూ అనుకోలేదు. పొద్దున్నే నాన్న మొదటి ట్రిప్పుకి బయల్దేరేముందు నన్ను బస్సు దగ్గర దింపేవాడు.

ఆ యూనిట్‌లో పప్పు ఆరబెట్టే డ్రయర్ ఒకటి ఉంది. ఇనప గది లాంటిది. దానికి వేడిగాలి కొట్టే బ్లోవరు. ఆ బ్లోవరు బెల్టు మాటిమాటికీ తెగిపోయేది. తెగినప్పుడల్లా పని ఆగిపోయేది. లోపల పప్పు సగం ఆరి సగం ఆరక ఉండిపోయేది. పొట్టు వలిచే ఆడవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చునేవారు. మావయ్య కొత్త బెల్టు తెప్పించి వేయించేవాడు. నాసిరకం బెల్టులని కొట్టువాణ్ణి తిట్టేవాడు.

తెగిన బెల్టులు మూల పడేసి ఉంటే ఒకసారి తీసి చూశాను. అన్నీ ఒకే అంచున అరిగిపోయి ఉన్నాయి. నాసిరకమైతే రెండు వైపులా అరగాలి కదా అనిపించింది. మావయ్యని అడిగి, బెల్టు తీసేసి ఉత్త మోటారు తిప్పించాను. చప్పుడు లేకుండా తిరిగింది. బేరింగు మీద చెయ్యి పెట్టి చూస్తే వేడి లేదు, అంటే అది బాగానే ఉంది. బస్తాలు కుట్టే నైలాను దారం తెచ్చి, ఒక కొస మావయ్యకిచ్చి, బెల్టు తిరిగే రెండు చక్రాల, అంటే పుల్లీల, ముఖాల మీదా బిగించి పట్టుకున్నాం. బ్లోవరు పుల్లీకి దారం ఆనింది. మోటారు పుల్లీకి ఒక అంచుకే తగిలి రెండో అంచున ఎడంగా ఉండిపోయింది. మోటారు కింద ఒక బోల్టు వదులై, మోటారే పక్కకి తిరిగి కూర్చుంది. దాన్ని సరిచేసి బిగించాక ఆ సీజన్ అయ్యేవరకూ బెల్టు తెగలేదు.

ఇది పెద్ద విద్యేం కాదు. పుస్తకంలో ఉన్నదే. కానీ నాలుగేళ్ళలో నేను చదివినది ఒక్కటైనా నా చేతికి తగిలింది అప్పుడే. ఆ రోజు బస్సులో తిరిగొస్తున్నప్పుడు చేతులకి గ్రీజు ఉంది, పక్క సీటావిడ చీర సర్దుకుని దూరంగా జరిగింది. నాకు ఏమీ అనిపించలేదు. చాలా సంతోషంగా ఉన్నాను.

ఆ వారమే ఇంకో ప్రకటన కనిపించింది. సముద్రం వైపు ఉన్న పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీకి మెయింటెనెన్స్ ట్రైనీలు కావాలి. ఈసారి నేను ఎవరినీ అడగలేదు, దేనిలోనూ కొట్టలేదు. బెల్టు సంగతి రాశాను. ఏం చూశాను, ఏం అనుకున్నాను, ఎలా సరిచేశాను. చిన్న చిన్న వాక్యాలు. నా ఇంగ్లిష్‌కి వచ్చినంత. చివర, ఇలాంటి పని నేర్చుకోవడం నాకిష్టం, మీ దగ్గర నేర్చుకునే అవకాశం ఇవ్వండి, అని రాసి పంపేశాను.

మూడో రోజు మెయిల్ వచ్చింది. ఇంటర్వ్యూకి రమ్మని. నేను గట్టిగా అరిచిన అరుపుకి అమ్మ వేలికి సూది గుచ్చుకుంది.

మళ్ళీ మళ్ళీ చదువుకుంటుంటే అప్పుడు కనబడింది. నా పేరుకి ముందు 'మిస్టర్' అని ఉంది.

నా పేరు అబ్బాయిలకీ పెడతారు, అమ్మాయిలకీ పెడతారు. స్కూల్లో కూడా కొత్త టీచర్లు హాజరు పిలిచి మగపిల్లల వరసల వైపు చూసేవారు. కాబట్టి మొదట నవ్వొచ్చింది. తర్వాత నవ్వు పోయింది. అప్పటిదాకా రాని పిలుపు ఇప్పుడే ఎందుకొచ్చింది? ఉత్తరం బాగుందనా, అబ్బాయిననుకునా?

"నాను అమ్మాయినండీ అని ఒక ముక్క రాసీయొచ్చు కదే" అంది అమ్మ.

నాన్న అన్నం తింటున్నాడు. "ఎందుకు రాయడం? తప్పు ఆళ్ళది. ఎల్తే సూస్తారు. సూసినాక పంపీలేరు కదా" అన్నాడు.

నేను రాయలేదు. తప్పు దిద్దడానికి బద్ధకించి కాదు. దిద్దితే ఇంటర్వ్యూ పోతుందేమోనని భయపడి. ఆ భయం వేసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ఇంటర్వ్యూ రోజు చీకటితోనే లేచి అనకాపల్లి మీదుగా రెండు బస్సులు మారి వెళ్ళాను. గేటు దగ్గర సెక్యూరిటీ అతను నన్ను చూసి, "ఆఫీసు పోస్టుకామ్మా? అది ఇవాళ కాదే" అన్నాడు. మెయిల్ చూపించాను. ఫోన్లో ఎవరితోనో మాట్లాడి లోపలికి పంపాడు. లోపల బెంచీల మీద ఉన్నవాళ్ళందరూ అబ్బాయిలే. ఒకడు జరిగి చోటిచ్చాడు.

నన్ను పిలిచిన గదిలో ఇద్దరున్నారు. ఒకాయన హెచ్‌ఆర్. ఇంకొకాయన మెయింటెనెన్స్ హెడ్డు, జేబులో పెన్నూ టెస్టరూ పెట్టుకుని ఉన్నారు. హెచ్‌ఆర్ ఆయన కాగితం చూశారు, నన్ను చూశారు, మళ్ళీ కాగితం చూశారు.

"మీరేనా?"

"నేనేనండీ."

ఆయన ఇంకేదో అనబోయేలోపు మెయింటెనెన్స్ ఆయన నా ఉత్తరం ముందుకు లాక్కుని అడిగారు. "బెల్టు తెగుతోందంటే బేరింగు పోయిందని ఎందుకు అనుకోలేదు?"

చెప్పాను. బెల్టు తీసి మోటారు తిప్పించిన సంగతి, వేడి లేని సంగతి, దారం సంగతి. ఆయన కుర్చీలో ముందుకి వంగారు. "దారం కొస ఎవరు పట్టుకున్నారు?" అన్నారు. "మా మావయ్యండీ" అన్నాను. ఆయన నవ్వారు. పంపుల గురించి అడిగారు. కొన్ని చెప్పగలిగాను, ఒకటి తెలియదన్నాను. తెలియదన్నదాన్ని ఆయనే పేపరు మీద బొమ్మ గీసి చెప్పారు. నేను ఇంటర్వ్యూలో ఉన్నాననే మర్చిపోయాను. ఉద్యోగంలో చేరి మొదటి రోజు పని నేర్చుకుంటున్నట్టే ఉంది.

అప్పుడు హెచ్‌ఆర్ ఆయన గొంతు సవరించుకున్నారు.

"మేడమ్, ఇది మూడు షిఫ్టుల పోస్టు. నైట్ షిఫ్టుకి మేం అమ్మాయిల్ని తీసుకోం."

"నేను చేస్తానండీ. నాకేం ఇబ్బంది లేదు."

"మీకు లేదు, మాకుంటుంది. రవాణా చూడాలి, సేఫ్టీ చూడాలి. ఒక్కరి కోసం అవన్నీ ఎక్కడ పెడతాం?"

"మరి ప్రకటనలో ఆ మాట రాయలేదు కదండీ."

ఆయన నా వైపు, చిన్నపిల్ల అడిగిన ప్రశ్న విన్నట్టు చూశారు. "అలా రాయకూడదు మేడమ్."

మెయింటెనెన్స్ ఆయన పేపరు మీద తను గీసిన బొమ్మకేసి చూస్తూ కూర్చున్నారు. ఏదైనా అంటారేమోనని చూశాను. పెన్ను జేబులో పెట్టుకున్నారు.

హెచ్‌ఆర్ ఆయన మంచివాడే అయి ఉండొచ్చు. నన్ను ఊరికే పంపడం ఇష్టం లేకపోయింది కాబోలు. "మీ లెటర్ చాలా క్లియర్‌గా ఉంది. డాక్యుమెంటేషన్‌లో ఒక పోస్టు ఖాళీ ఉంది. జనరల్ షిఫ్టు, ఏసీ రూము. మెషిన్ల రికార్డులు టైప్ చేయాలి, ఆడిట్ వచ్చినప్పుడు ఫైళ్ళు రెడీగా పెట్టాలి. ఆలోచించుకుని చెప్పండి" అన్నారు.

మెషిన్ల దగ్గరికి వెళ్ళడానికి రాసిన ఉత్తరం, మెషిన్ల గురించి కాగితాలు రాసే పనికి బాగా పనికొచ్చింది. థాంక్స్ చెప్పి బయటికొచ్చాను. బెంచీ మీద అబ్బాయి "ఏం అడిగారండీ?" అన్నాడు. "బేరింగుల గురించి చదువుకోండి" అని చెప్పి వచ్చేశాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది గానీ దారిలో ఏ ఊరొచ్చిందో ఏది పోయిందో చూడలేదు. నాకు రాలేదంటే ఏడ్చేదాన్నేమో. ఉద్యోగం వచ్చిందే, కాకపోతే నాకు కాదు, ఆ మిస్టర్‌కి. దానికి ఏడవాలో ఏం చేయాలో తెలియలేదు.

నర్సీపట్నంలో నాన్న ఆటోతో ఎదురు చూస్తున్నాడు. ముఖం చూసి ఆటో స్టార్ట్ చేశాడు. ఇంటికి వెళ్ళాక చెప్పాను. అమ్మ మొదటి సగం విని బాధపడింది, రెండో సగం విని లేచి నిలబడింది.

"ఏసీ రూమా? కూకునే పనా? మరింకేటి కావాలే! రాత్రుళ్ళు ఆ మిషన్ల మధ్యన ఏటి తిరుగుతావు? అదే మంచిది, ఒప్పీసుకో."

"అమ్మా, నేను చదివింది అది కాదు."

"సదివినదే సేస్తన్నారేటి అందరూ?"

అదీ నిజమే. మా బ్యాచ్‌లో సగం మంది బ్యాంకు పరీక్షలకి చదువుతున్నారు. కింద నుంచి మాస్టారు కూడా పైకి వచ్చారు. విషయం విని చాలా సంతోషించారు. "చూశావా, ఉత్తరం చూసే కదా ఇచ్చారు! భాష అంటే అదే" అన్నారు. ఆయన చెప్పిన ఉత్తరం కాదది.  అందరూ నన్ను అభినందిస్తుంటే మిఠాయి నోట్లో కుక్కి ముక్కు మూసినట్టు అయింది. లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాను. నాన్న ఒక్కడే కాసేపటికి తలుపు దగ్గరికొచ్చి, "ఆ బెల్టు సంగతి ఆళ్ళకి అర్థమైందా?" అని అడిగాడు. "బాగా అర్థమైంది నాన్నా" అన్నాను. "మరి అర్థమయ్యే ఇలాగ సేసినారా?" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు హెచ్‌ఆర్ ఆయనకి మెయిల్ రాశాను. డాక్యుమెంటేషన్ పోస్టు వద్దండీ, మెయింటెనెన్స్‌లో పగటి షిఫ్టయినా రాత్రి షిఫ్టయినా చేస్తాను, రవాణా నేనే చూసుకుంటాను, ఒకసారి ఆలోచించండి. పదే పదే దిద్ది రాశాను. బతిమాలుతున్నట్టు ఉండకూడదు, కోపంగా ఉండకూడదు. ఆయన దగ్గర నుంచి ఏమీ రాలేదు. వారం తర్వాత ఫోన్ చేస్తే పోస్టులన్నీ నిండిపోయాయన్నారు. ఏసీ రూము పోస్టు కూడా.

అమ్మ నాతో రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు, "నీ ఇష్టం నీది" అంది. ఆ మాటలో ఒప్పుకోవడం ఎంతో, విసుగు ఎంతో నేను తేల్చుకోలేకపోయాను.

ఆ తర్వాత రాసిన ప్రతి కవర్ లెటర్లో మొదటి పేరాలోనే రాయడం మొదలుపెట్టాను. నేను అమ్మాయిని. మూడు షిఫ్టులకీ సిద్ధం. తీసుకోనివాళ్ళు ముందే మానుకుంటారు, నాకు బస్సు ఛార్జీలు మిగులుతాయి, అనుకున్నాను. స్నేహితురాలు ఫోన్లో మొత్తుకుంది. "అది తీసీవే బాబూ! ముందు లోపలికి ఎల్లు. తర్వాత సూసుకోవచ్చు." తను నా మంచికే చెబుతోంది. తీసేస్తే మళ్ళీ ఇంకో గదిలో ఇంకొకాయన ముందు కూర్చుని, బేరింగుల గురించి సంతోషంగా చెబుతూ, ఆయన ఎప్పుడు గొంతు సవరించుకుంటారా అని చూస్తూ ఉండాలి. అది నావల్ల కాదు.

పిలుపులు ఇదివరకే తక్కువ, ఇంకా తగ్గాయి. ఒక కంపెనీ మాత్రం గంటలోపే జవాబిచ్చింది, ప్రస్తుతం ఈ విభాగంలో మహిళలకు అవకాశం లేదు అని. అంత త్వరగా, అంత సూటిగా వచ్చిన జవాబు నాకు అదొక్కటే. కోపం రావాల్సింది పోయి, కనీసం చదివారు అనిపించింది. ఇంత చిన్నదానికి మనసు ఊరట చెందినందుకు తర్వాత కోపం వచ్చింది.

ఇప్పుడు నేను అనకాపల్లిలో ఒక చిన్న వర్క్‌షాపులో పనిచేస్తున్నాను. జీడిపప్పు యూనిట్లకి డ్రయర్లూ కటింగ్ మిషన్లూ చేసే చోటు. మావయ్య వాళ్ళకి మిషన్లు అమ్మిన ఆయనదే. జీతం చెప్పుకునేంత కాదు, ఇంజనీరు అనే హోదా ఎక్కడా రాసి లేదు. కానీ పుల్లీలు నా చేతి మీదుగా వెళ్తాయి. పొద్దున బస్సులో వెళ్ళి సాయంత్రం బస్సులో వస్తాను. అమ్మ దగ్గరికి వచ్చే ఆడవాళ్ళు ఇప్పుడు వేరే ప్రశ్న అడుగుతున్నారు, "పాపది పెర్మనెంటేనా?" అని.

పెద్ద ఫ్యాక్టరీలకి రాయడం మానలేదు. నేర్చుకోవాల్సినవి ఈ షెడ్డులో దొరకనివి చాలా ఉన్నాయి. ఆదివారాలు పొద్దున్నే, అమ్మ మిషన్ మొదలుపెట్టకముందే, కూర్చుని రాస్తాను. నిన్న ఒకటి రాశాను, విశాఖ వైపు పంపుల కంపెనీకి. ఈసారి వర్క్‌షాపులో మేము సరిచేసిన కటింగ్ మిషన్ గురించి. పంపేముందు మాస్టారికి చూపించాను, స్పెల్లింగుల కోసం. ఆయన మొదటి పేరా మీద వేలు పెట్టి, "ఇది ఎందుకమ్మా, అనవసరంగా?" అన్నారు.

"ఉండనివ్వండి మాస్టారూ" అని, ఫోన్ తీసుకుని పంపేశాను.